సుళల్, వదంతి, మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్: దేనితో మొదలుపెట్టాలి?

సుళల్, వదంతి రెండూ 2022లోనే అమెజాన్ ప్రైమ్‌లో వచ్చాయి, రెండూ తమిళ క్రైమ్ వెబ్ సిరీస్‌లు, మొదటి సీజన్ చెరి 8 ఎపిసోడ్లు, తెలుగు ఆడియో కూడా ఉంది. అందుకే జనాలు ఈ రెండిట్నీ ఒకే గాటన కట్టేస్తారు గానీ అసలు పోలికే లేదు.

సుళల్‌లో ఒకే రాత్రి సిమెంట్ ఫ్యాక్టరీ తగలబడుతుంది, యూనియన్ లీడర్ (నటుడు పార్థిబన్) కూతురు కనిపించకుండా పోతుంది, అవతల ఊళ్ళో అంకాళమ్మ జాతర నడుస్తుంటుంది, ఆ డప్పులు, వేషాల మధ్య ఎవడిని అనుమానించాలో తెలీక బుర్ర వేడెక్కిపోద్ది. శ్రియా రెడ్డి ఇన్‌స్పెక్టర్‌గా ఇరగదీసింది. ట్విస్టులు మాత్రం కాస్త ఎక్కువే, ప్రతి ఎపిసోడ్ చివర ఒకటి పెట్టాలని ఒట్టేసుకున్నట్టున్నారు.

వదంతి వేరే టైపు. చనిపోయిన వెలోనీ గురించి ఒక్కొక్కడు ఒక్కో కథ చెప్తాడు, పేపరోళ్ళు ఇంకోటి అల్లుతారు, ఎస్.జె.సూర్య పోషించిన పోలీసుకి ఆ కేసు పిచ్చిలా పట్టేసి ఇల్లు కూడా పట్టదు. మామూలుగా ఓవర్‌గా చేసే మనిషి ఇందులో ఇంత తగ్గి చేశాడేంటి అనిపించింది. మధ్యలో సాగదీత ఉంది, ఫార్వర్డ్ కొట్టాలనిపిస్తే కొట్టేయండి, పాపం లేదు.

మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్ (2021) ఇంగ్లీష్ సిరీస్, 7 ఎపిసోడ్లే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో చిన్న ఊరు, కేట్ విన్‌స్లెట్ డిటెక్టివ్, మేకప్పూ హీరోయిజమూ ఏమీ లేవు, కొడుకు పోయిన బాధ మోస్తూనే కేసు చూస్తుంది. ఎమ్మీ అవార్డు ఊరికే రాలేదు. స్లో అంటారు కొందరు, నాకైతే మూడిట్లో ఇదే ఫస్టు. కానీ ఇంట్లో అందరూ కలిసి కూర్చుంటే సుళలే పెట్టండి, పెద్దాళ్ళకి సబ్‌టైటిల్స్ గొడవ ఉండదు.