చిన్న కంపెనీలో షేరా, వారంటా?

ఎవరూ పట్టించుకోని చిన్న కంపెనీ ఒకటి బాగుందనిపించింది. షేరు కొనాలా, వారంటు కొనాలా అన్నది అసలు చిక్కు. షేరుతో కంపెనీలో వాటా, ఓటు, ప్రకటిస్తే డివిడెండూ వస్తాయి. వారంటుకు అవేవీ ఉండవు. గడువులోగా ముందే ఖరారైన ధరకు కొత్త షేరు తీసుకునే హక్కు మాత్రమే అది.

లెక్క చూడండి. షేరు ధర 10, దాన్ని 12కు ఇచ్చే వారంటు ధర 1 అనుకుందాం. గడువు నాటికి షేరు 16 అయితే షేరుదారుకు 60 శాతం లాభం. వారంటు విలువ 4, అంటే పెట్టినదానికి నాలుగు రెట్లు. షేరు 12 దగ్గరే ఆగిందా, షేరుదారుకు 20 శాతం మిగులుతుంది, వారంటు సున్నా. అంచనా నిజమైనా డబ్బు పోవడమంటే ఇదే!

ఇలాంటి కంపెనీలను మార్కెట్ గుర్తించడానికి ఏళ్లు పట్టొచ్చు. షేరుకు ఆ ఓపిక ఉంది, వారంటుకు లేదు. పైగా అమ్ముదామంటే కొనేవాళ్లు తక్కువ. షేరుదారుకూ ఒక టెన్షన్ ఉందిలెండి: వారంట్లు షేర్లుగా మారినకొద్దీ తన వాటా పలచబడుతుంది.

నన్నడిగితే, గడువు మూడేళ్లకు తక్కువైతే షేరే కొనాలి. ఎక్కువున్నా, పూర్తిగా పోయినా ఫరవాలేదనుకునే కొద్దిపాటి సొమ్మే వారంటులో పెట్టాలి.