ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్: పది రూపాయలకు ఏం వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలంటే ఒకప్పుడు పోస్టల్ ఆర్డరు కొనాలి, రిజిస్టర్డ్ పోస్టు వేయాలి, అక్నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగొచ్చేదాకా కాచుకోవాలి. కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం 2013లో ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ తెచ్చాక ఈ తిప్పలన్నీ పోయాయి. రూ.10 కట్టి, ఫోన్లోంచే పెట్టేయొచ్చు. అసలు మాట ముందే చెప్పుకుందాం. దరఖాస్తు తీసుకోవడం, నంబరివ్వడం, తేదీలకు చెరగని సాక్ష్యం ఉంచడం, ఈ మూడూ పోర్టల్ చక్కగా చేస్తుంది. ఎలాంటి జవాబొస్తుందన్నది మాత్రం దాని చేతిలో లేదు. వ్యక్తిగత సమాచారం మినహాయింపు 2025 నవంబర్‌లో మారిపోయాక, ప్రశ్న రాసే తీరు మీదే సగం ఫలితం ఆధారపడుతోంది.

ముందు ఇది ఎవరికి పనికొస్తుందో చూడాలి. పీఎఫ్ ఆఫీసు, పాస్‌పోర్ట్ ఆఫీసు, దక్షిణ మధ్య రైల్వే, ప్రభుత్వరంగ బ్యాంకులు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జాతీయ రహదారుల సంస్థ లాంటివన్నీ ఇందులో ఉంటాయి. తహసీల్దారు ఆఫీసు, మున్సిపాలిటీ, రాష్ట్ర పోలీసు శాఖ ఉండవు. రాష్ట్ర ఆఫీసుల దరఖాస్తు ఇక్కడ పెడితే తిప్పి పంపుతామని, ఫీజు వాపసు రాదని పోర్టల్ ముందే హెచ్చరిస్తుంది. తప్పు చోటుకొచ్చిన దరఖాస్తును 5 రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాలని చట్టంలో సెక్షన్ 6(3) ఉంది కదా అని వాదించవచ్చు. వాదనలో బలమూ ఉంది. కానీ పది రూపాయల కోసం ఆ తగువు పెట్టుకుంటే పోయేది రోజులే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆఫీసులకు దారి వేరు, ఫీజూ వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో వచ్చిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. ఇంకో సంగతి, ఈ హక్కు పౌరులకే. విదేశాల్లో ఉన్నా భారత పాస్‌పోర్ట్ ఉన్న తెలుగువారు అడగవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు మాత్రమే ఉన్నవారు అడగలేరు.

ఇక ఫారం. పేరు, చిరునామా, ఈమెయిల్ అడిగారంటే అర్థముంది, జవాబు పంపాలిగా. స్త్రీయా పురుషుడా, చదువు ఎంత, గ్రామమా పట్టణమా అని కూడా అడుగుతుంది. సంప్రదించడానికి కావలసినవి తప్ప వేరే వ్యక్తిగత వివరాలు అడగకూడదని సెక్షన్ 6(2) తేటతెల్లంగా చెబుతోంది. చట్టాన్ని అమలు చేయించాల్సిన శాఖే తన ఫారంలో ఆ గీత దాటడం బాగోలేదు. చిరునామా బయటపడుతుందేమో అని భయపడేవాళ్లకు ఒక దారి ఉంది. దరఖాస్తుదారు పూర్తి చిరునామా ఇవ్వక్కర్లేదని, పోస్టు బాక్సు నంబరు చాలని కలకత్తా హైకోర్టు 2013లోనే చెప్పింది. మొబైల్ నంబరు ఇస్తే ఎస్సెమ్మెస్‌లు వస్తాయి. ఇవ్వకపోయినా దరఖాస్తు ఆగదు. ఒక మంచి పని మాత్రం చేశారు. ఆధార్, పాన్ లాంటి గుర్తింపు కార్డులు జతచేయొద్దని ఫారంలోనే రాశారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఫీజు మినహాయింపు కోసం దారిద్ర్యరేఖ కార్డు ఒక్కటీ జతచేస్తే చాలు.

చాలామంది మొదట తట్టుకుని పడేది ప్రశ్న రాసే పెట్టె దగ్గరే. అందులో 3,000 అక్షరాలు పడతాయి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామా, చుక్క, బ్రాకెట్, ప్రశ్నార్థకం లాంటి కొన్ని గుర్తులే తీసుకుంటుంది. కొటేషన్ మార్కు, సెమికోలన్, రూపాయి గుర్తు వేస్తే ఎర్రర్ చూపిస్తుంది. వర్డ్ ఫైలు నుంచి కాపీ చేసి అతికిస్తే వంకర కొటేషన్లు కంటికి ఆనకుండా వచ్చేస్తాయి. అందుకే ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి, శుభ్రం చేసి, తర్వాత అతికించాలి. తెలుగులో రాసిన దరఖాస్తు ఆ పెట్టెలో పట్టదు. దరఖాస్తు పెట్టే ప్రాంతపు అధికార భాషలో అడగవచ్చని సెక్షన్ 6(1) అంటుంటే, పోర్టల్ మన లిపినే ఒప్పుకోదు. అలాంటప్పుడు తెలుగు దరఖాస్తును పీడీఎఫ్ చేసి జతచేసి, పెట్టెలో జతచేసిన దరఖాస్తు చూడండి అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాయాలి. ఫైలు 1 ఎంబీ లోపు ఉంటే తిరకాసు ఉండదు. ఫైలు పేరులో ఖాళీలు ఉండకూడదు. 500 పదాలు దాటొద్దని 2012 ఆర్టీఐ నిబంధనల్లో ఉన్నా, కేవలం ఆ కారణంతో తిరస్కరించకూడదని అదే నిబంధన చెబుతోంది.

డబ్బు కట్టే దగ్గర ఇబ్బంది తక్కువే. కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ, ఏదైనా పనిచేస్తుంది. ఖాతాలో డబ్బు కట్ అయి రిజిస్ట్రేషన్ నంబరు రాకపోతే మళ్లీ కట్టొద్దు. బ్యాంకు లెక్క సరిచూసుకున్నాక నంబరు దానంతటదే పుట్టవచ్చు. 24 నుంచి 48 పనిగంటలు ఆగి, అప్పటికీ రాకపోతే లావాదేవీ వివరాలతో హెల్ప్‌డెస్క్‌కు రాయాలి.

నంబరొచ్చాక దరఖాస్తు నేరుగా సమాచార అధికారికి చేరదు. ముందు ఆ శాఖ నోడల్ అధికారికి వెళ్తుంది, ఆయన సంబంధిత సమాచార అధికారికి (పీఐఓ) పంపుతారు. ప్రశ్నలు నాలుగు విభాగాలకు చెందినవైతే నాలుగు చోట్లకూ పంపుతారు, ఒక్కొక్కరి జవాబు ఒక్కోసారి వస్తుంది. ఒకే దరఖాస్తులో అన్నీ కుక్కడం కంటే విభాగానికి ఒకటి చొప్పున పెడితే నలభై రూపాయలు పోయినా అప్పీలు దశలో తలనొప్పి ఉండదు. గడువు 30 రోజులు. వేరే ఆఫీసుకు బదిలీ చేస్తే బదిలీకి 5 రోజులు, అక్కడ అందిన రోజు నుంచి మళ్లీ 30. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. పోర్టల్లో లేని ఆఫీసుకు కాగితం రూపంలో పంపేశామని స్టేటస్‌లో కనిపిస్తే, అక్కడి నుంచి పోర్టల్‌కు ఏమీ తెలియదు. ఆ ఆఫీసుకు విడిగా ఫోన్ చేసుకోవాల్సిందే. ఈ సేవలో ఇదే అతి పెద్ద గుంట.

కాపీల ఫీజు ఏ4, ఏ3 సైజు పేజీకి రూ.2. పీఐఓ అదనపు ఫీజు అడిగిన రోజు నుంచి మనం కట్టే రోజు దాకా గడువులో లెక్కలోకి రాదు, కాబట్టి ఆ కబురు రాగానే కట్టేయాలి. ఫైలు పెద్దదైతే ముందు తనిఖీకి అడగడం మేలు. మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు రూ.5. కావలసిన పేజీలకు గుర్తు పెట్టుకుని వాటికే కాపీలు తీసుకోవచ్చు. 30 రోజులు దాటాక ఇచ్చే సమాచారానికి మాత్రం సెక్షన్ 7(6) ప్రకారం పైసా కట్టక్కర్లేదు. ఆ తేదీల లెక్క తేల్చడంలో పోర్టల్ రికార్డుకు తిరుగులేదు. పోస్టులో పెట్టిన దరఖాస్తు మాకు అందలేదనే మాట ఇక్కడ చెల్లదు.

ప్రశ్న రాయడంలో ఒకే సూత్రం: ఉన్న కాగితాన్ని అడగాలి. ఎందుకు ఆపారు, ఇది న్యాయమేనా అని అడిగితే అది సమాచారం కాదు అని ఒక్క వాక్యంలో ముగించేస్తారు. రికార్డులో లేనిదాన్ని తయారు చేసి ఇవ్వాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ జవాబుపత్రాల కేసులో చెప్పింది. జవాబుపత్రం కాపీ అభ్యర్థికి ఇవ్వాలన్నదీ ఆ తీర్పే. కాబట్టి పీఎఫ్ క్లెయిమ్ ఎందుకు ఆగింది అని కాకుండా ఇలా రాయాలి: ఫలానా తేదీ, ఫలానా నంబరు క్లెయిమ్ ఫైలులోని నోట్ షీట్ (అధికారులు వ్యాఖ్యలు రాసే పేజీలు) మొదటి పేజీ నుంచి ఈ రోజు దాకా కాపీ, ఆ ఫైలు ఏ అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో చూపే రికార్డు కాపీ, ఇలాంటి క్లెయిమ్‌ను ఎన్ని రోజుల్లో తేల్చాలో చెప్పే సర్క్యులర్ కాపీ. ఈ మూడు కాగితాలు చేతికొస్తే ఎందుకు అనేదానికి జవాబు అందులోనే ఉంటుంది.

ఇక సెక్షన్ 8(1)(జె), అంటే మొదట్లో చెప్పిన వ్యక్తిగత సమాచారం మినహాయింపు. పోర్టల్ మీద చూపే కోపం చాలాసార్లు నిజానికి ఈ క్లాజు మీదే. పాత రూపంలో వ్యక్తిగత సమాచారాన్ని ఆపాలంటే, దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదనో, ఇస్తే వ్యక్తి గోప్యతలోకి అకారణంగా చొరబడినట్టవుతుందనో చూపాలి. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే పీఐఓ స్థాయిలోనే ఇచ్చేయవచ్చు. పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదన్న మాట కూడా ఉండేది. అప్పట్లోనే గిరీశ్ దేశ్‌పాండే కేసులో 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉద్యోగుల మెమోలు, ఆస్తి వివరాలు, ఆదాయపన్ను రిటర్నులను వ్యక్తిగతం కిందకు నెట్టింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని సెక్షన్ 44(3) అమల్లోకి రావడంతో ఈ షరతులన్నీ పోయాయి. వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది అన్న ఒక్క ముక్కే మిగిలింది. తన డేటా తాను చూసుకునే హక్కు అదే చట్టంలో ఉన్నా, దానికి 18 నెలల గడువు పెట్టారు. తలుపు మూసే నిబంధనకు మాత్రం ఒక్క రోజు గడువూ పెట్టలేదు.

అయినా దారులు మూసుకుపోలేదు. సెక్షన్ 8(2) అలాగే ఉంది: కలిగే హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వవచ్చు. తేడా ఏమిటంటే అక్కడ నిర్ణయం పీఐఓ పేరున కాక ప్రభుత్వ సంస్థ పేరున ఉంటుంది. కింది అధికారి దాని జోలికి పోడు. అందుకే దరఖాస్తులోనే 8(2) కింద పరిశీలించాలని రాసి, ఆ ప్రజాప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పాలి. కారణం చెప్పక్కర్లేదని చట్టం అన్నా, ఇక్కడ చెప్పుకోవడమే లాభం. సెక్షన్ 4(1)(బి) కూడా చెక్కుచెదరలేదు. అధికారుల డైరెక్టరీ, నెల జీతాలు, సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు, రాయితీలు, పర్మిట్లు పొందినవారి వివరాలు అడక్కముందే ప్రకటించాల్సిన జాబితాలో ఉన్నాయి. అలాంటివి అడిగేటప్పుడు ఆ సెక్షన్ నంబరు వేయాలి.

పేరు అక్కర్లేని చోట పేరు అడగకపోవడం అన్నిటికన్నా తేలిక. ఫలానా డాక్టరు హాజరు రిజిస్టరు ఇవ్వండి అంటే నిరాకరణ ఖాయం. ఆ సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) డిస్పెన్సరీలో ఆ నెలలో మంజూరైన డాక్టర్ పోస్టులెన్ని, రోజువారీగా ఎందరు హాజరయ్యారు అని అడిగితే జె క్లాజు పెట్టడానికి అక్కడ వ్యక్తే లేడు. రహదారి పనులైతే ఒప్పందం, కొలతల పుస్తకం పేజీలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత తనిఖీ నివేదిక అడగాలి. కాంట్రాక్టు కంపెనీ మనిషి కాదు. దానికి వర్తిస్తే గిస్తే వాణిజ్య రహస్యాల క్లాజు 8(1)(డి) వర్తించాలి, గోప్యత క్లాజు కాదు. పీఐఓ ఆ కంపెనీని సెక్షన్ 11 కింద అభిప్రాయం అడగవచ్చు. వాళ్లకు 10 రోజులు, మొత్తం 40 రోజుల్లో తేల్చాలి. వాళ్లు వద్దన్నారు కాబట్టి ఇవ్వం అనడం కుదరదు. అభిప్రాయం అడగమన్నారు గానీ వీటో ఇవ్వలేదు.

బల్లకు అవతల కూర్చునే ఆయా ఆఫీసుల న్యాయ విభాగాల పని కూడా ఈ సేవలో భాగమే, అక్కడ మార్కులు తక్కువే పడతాయి. 8(1)(జె) కింద ఇవ్వడం కుదరదు అనే ఒక్క లైను జవాబు సెక్షన్ 7(8)కే నిలవదు. కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు, మూడూ ఉండాలి. దర్యాప్తు నడుస్తోంది కాబట్టి ఇవ్వం అన్నా చాలదు. ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఆపాల్సిన భాగం ఆపి మిగతాది ఇవ్వాలన్న సెక్షన్ 10ని వాడేవాళ్లు తక్కువ. వాడినవాళ్లూ కొన్నిసార్లు పీడీఎఫ్‌లో ఆధార్ నంబరు మీద నల్ల గీత పెట్టి ఊరుకుంటారు. ఆ గీత కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట అతికిస్తే బయటికొచ్చేస్తాయి. ప్రింటు తీసి, నల్లసిరాతో కొట్టేసి, వెనుక నుంచి వెలుతురులో చూసి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కించడమే భద్రం. ఇంకో జబ్బుంది. జతచేసిన ఫైలు చూడండి అని రాసి ఫైలు ఎక్కించరు. పోర్టల్ దాన్ని పరిష్కరించినట్టే లెక్కేస్తుంది, ఫైలు ఉందో లేదో చూడదు. ఇంత చిన్న తనిఖీ ఇన్నేళ్లలో పెట్టలేకపోవడానికి సాకు దొరకదు.

ప్రథమ అప్పీలు మళ్లీ పోర్టల్లోనే, ఫీజు లేదు. జవాబు వచ్చిన రోజు నుంచో, 30 రోజులు ముగిసిన రోజు నుంచో 30 రోజుల్లో వేయాలి. కారణం మెనూలో గడువులోగా జవాబు రాలేదు, నిరాకరించారు, అసంపూర్తిగా ఇచ్చారు లాంటివి ఉంటాయి. ఏది ఎంచుకుంటే దానికి తగ్గట్టే కింద రాయాలి. నిరాకరణ సబబేనని రుజువు చేసుకోవాల్సిన భారం సెక్షన్ 19(5) ప్రకారం పీఐఓది. అప్పీలు అధికారి 30 రోజుల్లో, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. ఆయన తేల్చకపోయినా జరిమానా పడదు. రోజుకు రూ.250, గరిష్ఠంగా రూ.25,000 జరిమానా పీఐఓకే. కాబట్టి అక్కడ కూర్చుని ఎదురుచూడకుండా 90 రోజుల్లోపు రెండో అప్పీలు వేసుకోవాలి. దానికి కేంద్ర సమాచార కమిషన్ వెబ్‌సైటుకు వెళ్లాలి, అక్కడా ఫీజు లేదు. దరఖాస్తు, జవాబు, ప్రథమ అప్పీలు, దాని మీద వచ్చిన ఆర్డరు, అన్నిటికీ సొంత సంతకంతో ధృవీకరణ, పేజీ నంబర్లతో ఒక ఇండెక్స్ జతచేయాలి. ఇండెక్స్ లేకపోతే లోపం చూపి వెనక్కి పంపవచ్చు, అందుకని పోర్టల్లో ప్రతి దశలోనూ వచ్చే పేజీని ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోవాలి.