హెచ్‌పీవీ టీకా, కొత్తపేట క్లినిక్: డాక్టరుకు ఐదు స్టార్లు, కౌంటరుకు ఒకటి

మా అమ్మాయికి 13 ఏళ్లు. హెచ్‌పీవీ టీకా కోసం గుంటూరు కొత్తపేటలో ఒక పిల్లల క్లినిక్‌కి తీసుకెళ్లాను. పేరు రాయట్లేదు, కౌంటర్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి కాబట్టి.

లోపలికి వెళ్లీ వెళ్లగానే ఫారం చేతిలో పెట్టి "సంతకం పెట్టండమ్మా" అన్నారు, ఇంకా డాక్టరు మొహం కూడా చూడలేదు, చదివే టైమైనా ఇవ్వరా? 2009లో ఖమ్మం జిల్లాలో ఇదే టీకా ప్రాజెక్టు పెట్టి, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని పెద్ద గొడవై 2010లో ఆపేశారు. అంత జరిగాక కూడా సంతకమంటే ఇంత తేలికా?

డాక్టరమ్మ మాత్రం బంగారం. కుర్చీ పిల్ల వైపు తిప్పుకుని, ఇది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌కి అడ్డు, 15 నిండకముందు మొదలుపెడితే రెండు డోసులు చాలు, తర్వాతైతే మూడు అని దానికే చెప్పి, "వేయించుకుంటావా? భయమైతే ఇంకో రోజు రా" అంది. ఇంటికొచ్చాక మా అత్తగారు "చిన్నపిల్లని అడగడమేంటి, వద్దంటే ఏం చేస్తావ్?" అన్నారు. వద్దంటే కొన్నాళ్లాగి మళ్లీ చెప్తాను గానీ చేతులు పట్టుకుని పొడిపించను కదా అత్తయ్యా, సంతకం నాదైనా సూది దిగేది దాని చేతికి. క్లినిక్‌లో మా అమ్మాయి మాత్రం "నొప్పి ఎంతసేపుంటుంది?" అని ఒక్కటే అడిగి ఎడమ చెయ్యి చాచింది.

టీకా అయ్యాక పావుగంట కూర్చోబెట్టి పంపారు. రెండో డోసు ఆరు నెలలకి. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్లండి.