ఇరవై రూపాయల కవాతు, రెండు వేల ఆరు వందల గది

2025 జనవరిలో ఢిల్లీ వెళ్లి గణతంత్ర దినోత్సవ కవాతు చూసి వచ్చాం. కవాతుకు టికెట్టు మనిషికి 20 రూపాయలు. దానికోసం న్యూఢిల్లీ స్టేషను పక్కన పహాడ్‌గంజ్‌లో తీసుకున్న గదికి రోజుకు 2,600. రైలు, మెట్రో, కుతుబ్ మీనార్ అన్నీ సవ్యంగానే జరిగాయి, వాటి ఊసు ఎత్తను.

ఫోనులో మాట్లాడుకున్నప్పుడు ఆ గది 1,400. రాత్రి పదింటికి సామాన్లతో కౌంటరు ముందు నిలబడ్డాక మేనేజరు, "అది మామూలు రోజుల రేటు, ఇది 26 జనవరి వారం. 2,800" అన్నాడు. బుకింగ్ కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. మంకీ క్యాప్‌లో వణుకుతున్న డెబ్బై రెండేళ్ల మామయ్యగారిని చూశాడు, మేము ఎక్కడికీ పోలేమని తేల్చుకున్నాడు. మా ఆవిడ తనకొచ్చిన హిందీ అంతా ఖర్చుపెట్టి 200 తగ్గించింది. "నీ హిందీకి అంతకన్నా రాదులే అమ్మా" అన్నారు మామయ్యగారు. అది కాక, పోలీసు ఫారం పేరుతో మనిషికి 50. గదిలో గీజరు ఉంది, దాని స్విచ్ మాత్రం కింద మేనేజరు దగ్గర. బకెట్టు వేడినీళ్లకు 40. బిల్లు అడిగితే నగదుకు బిల్లు ఇవ్వమన్నాడు. ఆ వారంలో వెళ్లేవాళ్లు స్టేషను పక్కనే ఉండాలన్న పట్టుదల మానుకోండి. కవాతు రోజు మెట్రో తెల్లవారుజామున 3 గంటలకే మొదలవుతుంది, ద్వారక వైపో లక్ష్మీనగర్ వైపో చవకగా గది చూసుకుని హాయిగా రావచ్చు.

టికెట్లు జనవరి మొదటి వారంలోనే అమ్మకానికి పెడతారు. ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, ఢిల్లీలో కౌంటర్లూ ఉంటాయి. అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. సంచులు, నీళ్ల సీసాలు, తినుబండారాలు, రిమోటు ఉన్న కారు తాళాలు లోపలికి రానివ్వరు. తనిఖీలు చాలా ఉన్నాయి గానీ, ఒక్క పోలీసూ మామీద కసురుకోలేదు. మామయ్యగారిని చెయ్యిపట్టి మెట్లెక్కించిన జవానును చూస్తే నాకు లాడ్జి మేనేజరు మీద కోపం ఇంకా పెరిగింది.

కవాతు పదిన్నరకు. మేము ఏడింటికే కూర్చున్నాం. పొగమంచు, చలి, టీ లేదు. మా ఆవిడ ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు మామయ్యగారిలోని రిటైర్డ్ చరిత్ర లెక్చరరు నిద్ర లేచారు. లాహోరు కాంగ్రెస్ 1929 డిసెంబరులో పూర్ణ స్వరాజ్యం తీర్మానించి, 1930 జనవరి 26ను స్వాతంత్ర్య దినంగా జరుపుకోమంది. అది కూడా ఈరోజు లాగే ఆదివారమట. ఆ తర్వాత ఏటా ఆ తేదీనే జరుపుకుంటూ వస్తే, తీరా స్వాతంత్ర్యం ఆగస్టు 15న వచ్చింది. జనవరి 26 ఊరికే పోకూడదని, 1949 నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఆగి ఆ రోజున పూర్తిగా అమల్లోకి తెచ్చారు. 1950లో తొలి కవాతు ఈ కర్తవ్య పథ్ దారిలో కాదు, ఇర్విన్ స్టేడియంలో జరిగింది. 1955 నుంచే ఇక్కడ. ఆ 1950 కవాతుకు అతిథి ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్నో. "ఇవాళ్టి అతిథి ఎవరు? మళ్లీ ఇండోనేషియా అధ్యక్షుడే!" అంటూ ఆయన చెయ్యి ఊపేసరికి, వెనక వరుసలోని గుంటూరు కుటుంబం కూడా వినడం మొదలుపెట్టింది. కాసేపటికి ప్రబోవో సుబియాంతో వచ్చారు, ఆ దేశపు సైనికులూ బ్యాండూ మన ముందు నుంచే నడిచి వెళ్లారు. మామయ్యగారు తానే పిలిపించినట్టు చూశారు.

నిజం చెప్పాలంటే, 20 రూపాయల సీటు నుంచి మార్చింగ్ దళాలు తలపాగాల వరుసల్లా కనిపిస్తాయి. ఒంటెల దళం, ఆకాశంలో విమానాలు బాగానే కనిపించాయి. ఏటికొప్పాక బొమ్మల శకటం వచ్చినప్పుడు చప్పట్లు మావే ఎక్కువ. మర్నాడు అదే శకటాన్ని ఎర్రకోట దగ్గర భారత్ పర్వ్ ఉత్సవంలో పైసా ఖర్చు లేకుండా, ఆగి తీరిగ్గా చూశాం. శకటాల కోసమే వెళ్లేవాళ్లు అక్కడికే వెళ్లండి.

27న మధ్యాహ్నం ఆంధ్రా భవన్ భోజనం. వేడన్నంలో పప్పు, నెయ్యి, గోంగూర. ఆ మూడు వాయిల అన్నంతో మా ఆవిడ మాట కలిపింది.

నా ఓటు మాత్రం ఉత్సవాలకు ముగింపుగా 29న విజయ్ చౌక్‌లో జరిగిన సైనిక బ్యాండ్ల కార్యక్రమం, బీటింగ్ రిట్రీట్‌కే. టికెట్టు 100. సాయంత్రం వేళ మూడు దళాల బ్యాండ్లు వరుసకట్టి వాయిస్తుంటే, చివరికి రాష్ట్రపతి భవన్ ఉన్న రైసినా కొండ మీది భవనాలన్నిటికీ దీపాలు వెలుగుతాయి. కవాతుకు టికెట్లు దొరక్కపోతే దిగులు పడకండి, దీనికి మాత్రం ముందే కొనుక్కోండి, ఉన్ని మేజోళ్లు రెండు జతలు వేసుకుని వెళ్లండి.