పెద్ద వయసులో హెపటైటిస్ బికి ఏది మేలు: టెనోఫోవిరా, ఎంటెకావిరా, టాఫా?

మా నాన్నకి హెపటైటిస్ బి ఉందని తెలిసినవాళ్ళంతా ఈ మధ్య వరసపెట్టి ఒకటే అడుగుతున్నారు. "మా అమ్మకి ఎంటెకావిర్ రాశారు, మీ నాన్నగారేమో టాఫ్ వేసుకుంటున్నారట, ఏది మంచిది?" అని. పోయిన నెల మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి అరగంట ఇదే పాట. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కసారి రాసేస్తే పోతుందని కూర్చున్నా. నేను డాక్టర్ని కాదు, పదేళ్ళుగా నాన్న ఫైలు చంకలో పెట్టుకుని తిరుగుతున్న కొడుకుని, అంతే. హెపటైటిస్ బి అంటే లివర్‌కి పట్టే వైరస్ జబ్బు, వైరల్ లోడ్ అంటే రక్తంలో ఆ వైరస్ ఎంత ఉందన్న లెక్క, ఇంతవరకూ తెలిస్తే చాలు.

మొదట అందరూ అడిగేది "ఏది పవర్‌ఫుల్" అని. ఆ ప్రశ్నే అనవసరం. సరిగ్గా వేసుకుంటే మూడూ (మామూలు టెనోఫోవిర్, ఎంటెకావిర్, టాఫ్ అనే కొత్తరకం టెనోఫోవిర్) వైరస్‌ని గట్టిగానే అణుస్తాయి, చాలామందికి ఏడాది రెండేళ్ళలో వైరల్ లోడ్ కనపడనంత కిందికి పోతుంది. అలాగే మూడింటిలో ఏదీ వైరస్‌ని తుడిచిపెట్టేయదు. అది తన డీఎన్ఏని లివర్ కణం కేంద్రకంలో చుట్టలా చుట్టి దాచుకుంటుంది, మాత్ర దాని జోలికి పోలేదు, కొత్త కాపీలు పుట్టకుండా ఆపుతుంది, అంతవరకే. అందుకే ఏళ్ళ తరబడి, చాలామందికి జీవితాంతం వేసుకోవడం. ముప్పై ఏళ్ళవాడికి ఒక మాత్ర ఇరవై ఏళ్ళు ఇవ్వడం వేరు, డెబ్భై ఏళ్ళ మనిషికి, అప్పటికే బీపీ మాత్ర, షుగర్ మాత్ర, మోకాళ్ళ నొప్పి మాత్ర మింగుతున్న మనిషికి, ఇంకొకటి జత చేయడం వేరు.

కాబట్టి నా లెక్కలో తేల్చేది లివర్ కాదు, కిడ్నీ.

నాన్న 2013 నుంచి మామూలు టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు (టీడీఎఫ్ అంటారు) వేసుకున్నారు. ప్రతి ఆరు నెలలకీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించేవాళ్ళం, ప్రతిసారీ 1.1. రిపోర్టులో బోల్డ్ అక్షరాల్లో ఏమీ లేదు కాబట్టి నార్మలే అనుకుని ఫైల్లో పెట్టేసేవాణ్ణి. కొత్త డాక్టరమ్మ ఒకరు ఆ రిపోర్టు వెనక, కిడ్నీ ఎంత వడపోస్తోందో పెన్నుతో లెక్క వేసి చూపించారు. 140లోంచి వయసు తీసేయాలి, నాన్నకి అప్పుడు 71, అంటే 69. దాన్ని బరువుతో గుణించాలి, 52 కిలోలు. వచ్చినదాన్ని 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాంట్లో 85 శాతమే తీసుకోవాలి. నాన్నకి వచ్చింది 45. ఈ అంకె 50 కంటే తగ్గితే టీడీఎఫ్‌ని రోజూ ఇవ్వకూడదు, రోజు విడిచి రోజు ఇవ్వాలి. నాన్న రోజూ వేసుకుంటున్నారు.

మరి రిపోర్టులో నార్మల్ అని ఎందుకు వస్తోందంటే, క్రియాటినిన్ కండ నుంచి తయారయ్యేది. వయసు మీద పడి కండ కరిగిన సన్నటి మనిషికి అది తక్కువే పుడుతుంది, కిడ్నీ నీరసించినా రక్తంలో అంకె పెరిగినట్టు కనపడదు. ల్యాబ్‌వాళ్ళు ప్రింట్ చేసే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) వేరే సూత్రంతో వస్తుంది, అందులో బరువు ఉండదు, అందుకే అది ఇంకాస్త బాగున్నట్టే చూపిస్తుంది. రెండింట్లో ఏది నమ్మాలన్నది డాక్టర్లు వాదించుకునే సంగతే, కానీ ఈ మందుల డోసు పట్టికలు రాసింది మాత్రం డాక్టరమ్మ వేసిన ఆ పాత లెక్క మీద. మీ ఇంట్లో యాభై కిలోల పెద్దవాళ్ళుంటే ఈ లెక్క ఇవాళే వేసి చూడండి, ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు.

టీడీఎఫ్ దెబ్బ కొట్టేది కిడ్నీలో వడపోత తర్వాత వచ్చే సన్న గొట్టాల మీద. శరీరానికి కావలసినవాటిని వెనక్కి లాక్కోవడం వాటి పని. అవి దెబ్బతింటే ఫాస్ఫేట్ మూత్రంలో పోతుంది, రక్తంలో చక్కెర బాగానే ఉన్నా మూత్రంలో చక్కెర కనపడుతుంది, ఫాస్ఫేట్ పోతే ఎముక మెత్తబడుతుంది. అందరికీ జరుగుతుందని కాదు, చాలామందికి జరగదు. నాన్నకి ఫాస్ఫేట్ 2.1 వచ్చింది, ఉండాల్సింది 2.5 పైన. నడుం నొప్పి అని ఏడాదిగా అంటుంటే వయసు కదా అనుకున్నాం. పైగా ఆ నొప్పికి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ తెచ్చుకుని వేసుకుంటున్నారు, మాకు చెప్పకుండా. టెనోఫోవిర్ మీద ఉన్నవాళ్ళు అలాంటి నొప్పి మాత్రలు ఎక్కువగా వాడితే కిడ్నీ ఉన్నట్టుండి కుప్పకూలొచ్చు. మాత్రల పేరు మార్చేముందు పెద్దవాళ్ళ తలగడ కింద, పూజ గూట్లో ఏమేం మాత్రలున్నాయో ఒకసారి వెతకండి, నిజంగా చెబుతున్నా.

యూరప్ లివర్ డాక్టర్ల సంఘం 2017లో రాసిన మార్గదర్శకాల్లో కూడా ఉన్నది ఇదే. అరవై దాటినవాళ్ళకి, ఎముక జబ్బు ఉన్నవాళ్ళకి, కిడ్నీ తేడా ఉన్నవాళ్ళకి టీడీఎఫ్ బదులు ఎంటెకావిర్ గానీ టాఫ్ గానీ చూడమని. 2024లో వచ్చిన డబ్ల్యూహెచ్ఓ మార్గదర్శకాలు మాత్రం టీడీఎఫ్‌ని మొదట ఇవ్వాల్సిన మందుల్లో ఒకటిగానే ఉంచాయి. అందులో తప్పేం లేదు. అది చవక, ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని ఎదిరించి నిలబడే వైరస్ దాదాపు లేదు. మన దేశంలోనే 2022 నాటికి దాదాపు 3 కోట్ల మందికి హెపటైటిస్ బి ఉందని వాళ్ళ అంచనా, అంతమందికీ ఖరీదైన మాత్ర అంటే కుదరదు. ఎముకలు గుల్లబారినవాళ్ళకీ, కిడ్నీ నలతగా ఉన్నవాళ్ళకీ మాత్రం వాళ్ళు కూడా మిగతా రెండే చెప్పారు. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితంగా ఇస్తున్నారు, జిల్లా ఆసుపత్రిలో అడగండి. నలభై ఏళ్ళ ఆరోగ్యవంతుడైతే నేనే టీడీఎఫ్ వేసుకుని ఊరుకోమంటాను.

ఇక పోటీ మిగిలింది ఎంటెకావిర్‌కీ టాఫ్‌కీ.

ఎంటెకావిర్ 2005 నుంచి ఉన్న మందు, ఎముకల జోలికి పోదు, కిడ్నీని టీడీఎఫ్‌లా పీడించదు. (కిడ్నీ తగ్గితే దీని డోసూ తగ్గించాలి, అది మర్చిపోకండి.) దీనితో రెండు చిక్కులు. ఒకటి పరగడుపు. తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి, వేసుకున్నాక ఇంకో రెండు గంటలు ఏమీ తినకూడదు. కాగితం మీద చిన్న సంగతే. కానీ నాలుగున్నరకి లేచి ఐదింటికి పాల కాఫీ పడకపోతే మనిషి కాని మా నాన్నలాంటివాళ్ళకి, పైగా షుగర్ ఉండి మధ్యలో ఏదో ఒకటి కొరుకుతూ ఉండేవాళ్ళకి, ఆ నాలుగు గంటల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? కొందరు రాత్రి పడుకునేముందు వేసుకుంటారు, ఏడింటికల్లా భోజనం అయిపోయే ఇళ్ళలో అది బాగానే నడుస్తుంది. మా ఇంట్లో సీరియల్ అయ్యాకే కంచం.

రెండోది అసలు చిక్కు, లామివుడిన్. 2000ల మొదట్లో మన దగ్గర హెపటైటిస్ బి అనగానే చవగ్గా దొరికేది, ఎడాపెడా రాసింది అదే. దాన్ని ఐదేళ్ళు వాడితే మూడింట రెండొంతుల మందిలో వైరస్ మొండికెత్తుతుంది. ఆ మొండికెత్తిన వైరస్ ఎంటెకావిర్‌కి కూడా సగం దారి ముందే తెరిచి పెడుతుంది. ఏ మందూ వాడనివాళ్ళలో ఎంటెకావిర్ ఐదేళ్ళు వాడినా వైరస్ లొంగకుండా పోయింది 1.2 శాతం మందిలోనే. అదే లామివుడిన్‌కి మొండికెత్తినవాళ్ళలో ఐదేళ్ళకి ఆ లెక్క 51 శాతం. అంటే ఇద్దరిలో ఒకరికి మందు చేతులెత్తేసినట్టే.

డాక్టరమ్మ "ఇంతకుముందు వేరే మాత్ర ఏమైనా వాడారా?" అంటే నాన్న ఠక్కున లేదన్నారు. ఇంటికొచ్చాక అమ్మ "హెర్నియా ఆపరేషనప్పుడు పచ్చకామెర్ల పురుగు ఉందని ఏదో రాశారు కదండీ" అంది. అటక మీద ట్రంకు పెట్టె దించాం. ఎల్ఐసీ బాండ్ల కవర్లో, 2007 నాటి చీటీ, లామివుడిన్ 100. రెండేళ్ళు వేసుకుని, ఒంట్లో బాగుందని ఆయనంతట ఆయనే మానేశారట. (అలా చెప్పకుండా మానేయడం ఎంత ప్రమాదమో, వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ పాడైపోవచ్చని, ఆ రోజే తెలిసింది మాకు.) మొండికెత్తిందో లేదో ఇప్పుడు తేల్చే దారి లేదు, వైరల్ లోడ్ కనపడనంత తక్కువ కాబట్టి. ఆ ఒక్క చీటీతో ఎంటెకావిర్ మాట పక్కకి పోయింది. మీ పెద్దవాళ్ళు ఎన్నడూ లామివుడిన్ ముట్టలేదని చీటీలతో సహా చూపించగలిగితే ఎంటెకావిర్ చక్కటి మందు, నేను వద్దనను.

టాఫ్ అంటే టెనోఫోవిర్ అలాఫెనమైడ్, 25 మిల్లీగ్రాములు. టీడీఎఫ్‌కి చెల్లెలే, కానీ రక్తంలో విచ్చుకోకుండా నేరుగా లివర్ కణంలోకి వెళ్ళి అక్కడ టెనోఫోవిర్‌గా మారుతుంది. దాంతో రక్తంలో తిరిగే టెనోఫోవిర్ పాతదానికంటే 89 శాతం తక్కువ. కిడ్నీ గొట్టాలకీ ఎముకకీ తగిలే దెబ్బ ఆ మేరకు తగ్గుతుంది. కిడ్నీ లెక్క 15 దాకా పడినా డోసు మార్చక్కర్లేదు, లామివుడిన్ చరిత్ర అడ్డు కాదు, అన్నం తిన్నాక వేసుకోవడమే. నా మొగ్గు ఎటో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

దీనికీ లోపాలున్నాయి. ఖరీదు ఎక్కువ. టీడీఎఫ్ నుంచి మారినవాళ్ళకి కొలెస్ట్రాల్ కొంచెం పెరుగుతుంది, ఎందుకంటే టీడీఎఫ్ దాన్ని కాస్త తగ్గించి ఉంచుతుంది, ఆ తగ్గింపు పోతుంది. మన దగ్గర పెద్దవాళ్ళకి టీబీ అరుదేమీ కాదు, టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది టాఫ్‌ని పనిచేయనివ్వదు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ కూడా అంతే. ఇవి వాడేవాళ్ళుంటే ముందే చెప్పండి.

"లివర్ క్యాన్సర్ రాకుండా టెనోఫోవిరే మేలట కదా" అని మా పెద్దమ్మ కొడుకు ఎక్కడో చదివి అడిగాడు. 2019లో కొరియాలో సుమారు 24 వేల మంది రికార్డులు చూసి ఎంటెకావిర్ వాడినవాళ్ళకంటే టెనోఫోవిర్ వాడినవాళ్ళలో క్యాన్సర్ తక్కువని రాశారు. అదే ఏడు, అదే దేశంలో, ఇంకో బృందం చూస్తే తేడా లేదు. ఇలాంటి పోలికల్లో ఒక మెలిక ఉంది. కిడ్నీ బాగాలేనివాళ్ళకీ ముసలివాళ్ళకీ డాక్టర్లు కావాలనే ఎంటెకావిర్ ఇస్తారు, వాళ్ళకి క్యాన్సర్ ముప్పు ఎలాగూ ఎక్కువ. ఆ తేడా మందుదా, మనిషిదా అన్నది రికార్డులు తిరగేసి తేల్చడం కష్టం. దీన్ని బట్టి మాత్ర మార్చుకోవద్దనే నేనంటాను. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ ఏ మాత్ర మీద ఉన్నా తప్పదు.

ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లా? వారానికొకటి, దాదాపు ఏడాది, జ్వరం, నీరసం, దిగులు. డెబ్భైలో వద్దు. నేల ఉసిరి? 1988లో మద్రాసు పరిశోధకులు 37 మందికి నెల రోజులు ఇస్తే 59 శాతం మందిలో వైరస్ పోయిందని లాన్సెట్‌లో వచ్చింది, ఈ వైరస్‌ని కనిపెట్టి నోబెల్ తెచ్చుకున్న బ్లంబర్గ్ కూడా అందులో సహరచయితే. తర్వాత వేరే చోట్ల చేసినవాళ్ళకి ఆ ఫలితం రాలేదు. పసరు మందులో ఏం కలుపుతారో ఎవడికీ తెలియదు కాబట్టి దాని సంగతి ఇక మాట్లాడను. ఇంట్లో మిగతావాళ్ళకి మాత్రం పరీక్ష చేయించి, లేకపోతే టీకా వేయించండి, మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్‌వాళ్ళు 1997లో తెచ్చిన దగ్గర్నుంచీ అది అందుబాటు ధరలోనే ఉంది.

నాన్న టాఫ్‌కి మారి ఏడాదిన్నర. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ వదలకుండా, ఇవాళ్టిదాకా అది, రేపట్నుంచి ఇది అన్నట్టు మార్చారు. ఫాస్ఫేట్ 2.8కి వచ్చింది, నడుం నొప్పి పూర్తిగా పోలేదు. చెడు కొలెస్ట్రాల్ 96 నుంచి 118 అయింది. దానికి ఇంకో మాత్ర ఇప్పుడే వద్దు, నెయ్యి తగ్గించమన్నారు డాక్టరమ్మ. ఆవిడ ముందు తలూపి వచ్చి, ముద్దపప్పులో నెయ్యి లేకపోతే మాత్ర దేనితో మింగమంటావురా అని నన్ను అడుగుతున్నారు.