పెద్ద స్క్రీన్ ఫోన్ కొనబోతున్నారా? జర ఆగి ఇది చదవండి

మిర్చి పైసలు చేతికొచ్చే రోజులివి. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఫోన్ల దుకాణాలన్నీ ఊళ్లనుంచి వచ్చినవాళ్లతో నిండిపోతున్నాయి. అందుకే మాకు జరిగింది వివరంగా రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు, దుకాణం పేరు రాయడం లేదు.

మాది పరకాల దగ్గర ఊరు. బాపుకు అరవై దాటాయి. పాత 5.5 అంగుళాల ఫోన్‌లో అక్షరాలు కంటికి ఆనుతలేవంటే, ఫిబ్రవరిలో 12,500 రూపాయలు పెట్టి 6.8 అంగుళాల ఫోన్ కొనిచ్చాను. దుకాణంలో ఏసీ, చల్లటి ట్యూబ్‌లైట్లు, డెమో ఫోన్‌లో మెరిసిపోయే వీడియో. "అక్కా, చిన్న టీవీ లెక్కనే ఉంటది, పెద్దాయనకు గిదే కరెక్టు" అన్నాడు సేల్స్ పిల్లవాడు. డబ్బా మీద 12 జీబీ ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు ఫోన్ వాడుకునే మెమరీ) అని పెద్దక్షరాలు. వాటి పక్కనున్న చిన్న చుక్క గుర్తును (*) నేను పట్టించుకోలేదు.

పది రోజుల తర్వాత బాపు మిర్చి తీసుకుని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు. కాంటా అయింది, అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) తక్‌పట్టీ, అంటే తూకం, ధర లెక్క చీటీ రాసిచ్చాడు, బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఎండలో స్క్రీన్ మొత్తం నల్లగా, బాపు మొహమే అద్దంలో కనబడినట్టు కనిపిస్తోంది తప్ప అంకెలు లేవు. తువ్వాల తల మీదుగా ఫోన్ మీదికి కప్పుకుని చూశాడు. అయినా ఆనలేదు. తక్‌పట్టీ ఫొటో తీసి నాకు పంపుదామంటే కెమెరా నొక్కాక తెరుచుకునేసరికి ఆలస్యం, ఫొటో కదిలిపోయింది. చివరికి అక్కడున్న ఎవరో పిలగానికి ఫోన్ ఇచ్చి బ్యాంకు మెసేజ్ చదివించుకున్నాడు. ఏడాది కష్టం తాలూకు లెక్క తెలియని మనిషి చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆ రాత్రి ఈ సంగతి చెబుతుంటే నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం ఊరికి పోయి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. పాతదాని స్క్రీన్ వెడల్పు 6.8 సెంటీమీటర్లు. కొత్తది 7.1. అంతే! అంగుళాల లెక్క అనేది మూల నుంచి ఎదురు మూలకు కొలిచేది. నిలువుకూ వెడల్పుకూ నిష్పత్తి చూస్తే పాత ఫోన్లు 16:9, ఇప్పటివి 20:9, అంటే పొడుగ్గా సాగదీసినవి. పెరిగింది దాదాపు నిలువే. బాపు చదివే లైను వెడల్పు మూడు మిల్లీమీటర్లు పెరిగిందేమో. పైగా పాతది 1080×1920, అంటే అక్షరాలు, బొమ్మలు ఏర్పడే చుక్కలు (పిక్సెల్స్) 20 లక్షలకు పైగా. కొత్తది 720×1600, పదకొండున్నర లక్షలు. ఎక్కువ జాగాలో దాదాపు సగం చుక్కలే పరిచారన్నమాట. "లక్ష్మి" అనే పేరు రెండింటిలో తెరిచి చూస్తే తేడా తెలిసిపోయింది: పాతదాంట్లో ఒత్తు గీత గీసినట్టు ఉంది, కొత్తదాంట్లో అంచులు పొగచూరినట్టు ఉన్నాయి. కళ్లు ఆనని మనిషికి పెద్ద ఫోన్ పేరుతో ఇంకా మసక ఫోన్ కొనిచ్చాను.

ఇక ఆ 12 జీబీ. అసలు ర్యామ్ 4 జీబీయే. మిగతా 8 స్టోరేజీ లోంచి అప్పు తెచ్చుకునేది. ర్యామ్ చేసే పని స్టోరేజీతో చేయిస్తే వేగం ఎక్కడినుంచి వస్తుంది? అందులోనూ ఈ ఫోన్‌ది ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజీ. అది చదవడం, రాయడం ఒకేసారి చేయలేదు. యూఎఫ్ఎస్ అనే వేగమైన రకం చేస్తుంది. వాట్సాప్‌లో ఫొటోలు దిగుతున్నప్పుడు ఫోన్ బిగుసుకుపోవడానికి ఇదొక కారణం. నెట్ బాగున్నా అమ్మ సీరియల్ మసకగా రావడానికి వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాసే తాళం లాంటిది) కింది స్థాయి, ఎల్3 ఉండటం కారణం. పై స్థాయి ఎల్1 లేకపోతే చాలా ఓటీటీ యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు.

పదహారో రోజు దుకాణానికి పోయాను. "అప్‌డేట్ వస్తే సెట్ అయితదక్కా" అన్నారు. గట్టిగా అడిగితే సర్వీస్ సెంటర్‌కు పొమ్మన్నారు. వాళ్లు రీసెట్ చేసి, ఫోన్‌లో లోపం లేదని రాసిచ్చారు.

కాబట్టి కొనేముందు ఫోన్‌ను దుకాణం బయటికి, ఎండలోకి తీసుకురండి. ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి తెలుగు మెసేజ్ చదవండి. మాదాంట్లో 450 నిట్స్ (స్క్రీన్ వెలుగును కొలిచే లెక్క). మన మార్చి ఎండకు వెయ్యి దరిదాపుల్లో ఉంటేనే నయం. వేడెక్కితే ఫోన్ తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది, వేగమూ తగ్గించుకుంటుంది. అందుకే బెంచ్‌మార్క్ స్కోరు (ఫోన్ వేగానికి యాప్ వేసే మార్కులు) ఒక్కసారి చూసి నమ్మకండి. పది నిమిషాలు వీడియో తీసి, వెంటనే నాలుగైదు యాప్‌లు మార్చి మార్చి తెరిచి చూడండి. నేను అయిదు నిమిషాలు కూడా చూడలేదు, చేసిన తప్పు అదే. స్టోరేజీ రకం డబ్బా మీద లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి, అక్కడా రాయలేదంటే యూఎఫ్ఎస్ కాదనే అనుకోండి.

ఎస్టిమేట్ చీటీ ఇస్తే తీసుకోవద్దు. ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉన్న జీఎస్టీ బిల్లే అడగండి, *#06# కొడితే వచ్చే నంబరుతో సరిపోల్చుకోండి. మాకు ఇప్పుడు ఆధారం ఆ బిల్లే. "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని దాని మీద ముద్ర ఉంది. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన చట్టం పక్కకు పోదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపారమే. అయితే "స్లోగా ఉంది" అనే మాట నిలబడదు. బిగుసుకుపోయిన ప్రతిసారీ పక్క ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి. డబ్బా మీది రాతనూ ఫొటో తీయండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, తెలుగులోనే మాట్లాడారు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

బాపు పాత ఫోనే వాడుతున్నాడు. అందులో అక్షరాల సైజు పెంచి ఇచ్చాను. వచ్చే వారం ఇంకో లోడు ఎనుమాములకు పోతుంది, ఈసారి తోడు నేనూ పోతున్నాను.