బరంపురంలో యాక్సిడెంట్ క్లెయిములు చూసే వకీలు ఆఫీసు: 5కి 4 ఇస్తాను

బరంపురం కోర్టు దగ్గర ఒక తెలుగు వకీలుబాబు ఆఫీసు గురించి ఇది. పేరు రాయను, వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని రూలుంది కదా, ఆయనకెందుకు తలనొప్పి. అక్కడ ఎవర్నడిగినా చెప్తారు.

సంగతేటంటే మా మావయ్య మా తమ్ముడి కారులో వెనక సీట్లో కూర్చుని వస్తంటే ఇచ్ఛాపురం దాటాక హైవే మీద లారీ వెనకనుంచి గుద్దింది. పైకి చూస్తే బంపర్ మీద గీతలు, చిన్న సొట్ట, అంతే. ఆ పూట మెడ పట్టేసిందన్నారు, మర్నాటికి కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. లారీ బీమా కంపెనీ వాళ్లేమో బండికే ఏం కాలేదు మనిషికేటవుద్దని ఒకటే పాట.

వకీలుబాబు మా కాయితాలు చూడకముందే కారెక్కడుంది, రిపేరు మొదలెట్టేశారా అని అడిగారు. బంపర్ విప్పించి లోపల ఫొటోలు తీయించమన్నారు, ప్లాస్టిక్ బంపర్ నొక్కుకుపోయినా మళ్లీ పొంగి దాదాపు మామూలుగా అయిపోతాదంట, దాని వెనకున్న బార్ మాత్రం వంగింది వంగినట్టే ఉంటాది. నిజంగానే బార్ వంగింది, డిక్కీ అడుగు రేకు ముడతలు పడింది! ఆ ఫొటోలు, బీమా సర్వేయర్ రాసిన పార్టుల లిస్టు, ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు అన్నీ ఫైల్లో పెట్టించారు.

మెడికల్ కాయితాలు కూడా అలాగే, ఇచ్ఛాపురం ప్రభుత్వాసుపత్రి మొదటి చీటీ, బరంపురం ఎంకేసీజీ పెద్దాసుపత్రి ఓపీ టిక్కెట్లు, ఎమ్మారై, ఫిజియోథెరపీ బిల్లులు తారీకు వరసలో. ఎమ్మారైలో మెడ ఎముకల అరుగుదల కూడా వచ్చింది, మాకు భయం వేసింది గానీ ఆయన దాన్ని దాచొద్దన్నారు. అరుగుదల ముందునుంచీ ఉన్నా తిమ్మిరి గుద్దిన తర్వాతే వచ్చిందని వైద్యం చేసిన డాక్టర్ గారి చేతే సాక్ష్యం చెప్పించారు. అవతలి వకీలు అరుగుదల గురించే అడుగుదామని వచ్చాడు పాపం.

మావయ్య మగ్గం మీద బరంపురం పట్టు నేస్తారు, చెయ్యి తిమ్మిరెక్కితే ఇంకేటి నేస్తారు. సర్టిఫికెట్లో వైకల్యం శాతం వేరు, దానివల్ల సంపాదన పోయే శాతం వేరని 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో చెప్పింది, ఆ తీర్పు చూపించే వాదించారు. అడిగినంతా రాలేదు గానీ కంపెనీ మొదట ఇస్తానన్నదానికి చాలా ఎక్కువే వచ్చింది.

యాక్సిడెంట్ ఆంధ్రాలో జరిగినా మనం ఉండేది ఇక్కడ ఒడిశాలో అయితే ఇక్కడి యాక్సిడెంట్ క్లెయిముల ట్రిబ్యునల్లోనే కేసు వేసుకోవచ్చు, మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్లోనే ఉంది. యాక్సిడెంట్ అయిన 6 నెలల్లోపు వెయ్యాలని 2022 ఏప్రిల్ నుంచి గడువు కూడా పెట్టారు, కాబట్టి నానబెట్టకండి.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే ఫోన్ ఎత్తరు, జూనియర్ కుర్రాడికి ఒడియా తప్ప రాదు, తెలుగులో ఉన్న ఎఫ్ఐఆర్ తర్జుమాకి వేరే డబ్బులని చివర్లో చెప్పారు. ఫీజు మాత్రం వచ్చిన దాంట్లో వాటా అనకుండా (అలా అడగడం బార్ కౌన్సిల్ రూల్సుకే విరుద్ధం) విడతలుగా తీసుకున్నారు, ప్రతిదానికీ రసీదిచ్చారు.

వెళ్తే సాయంత్రం వెళ్లండి, పగలంతా కోర్టులోనే ఉంటారు. బిల్లులు ఒరిజినల్సు ఇచ్చేముందు జెరాక్సులు తీసి పెట్టుకోండి.